అతుకు కనబడని పాఠం

"ఒక్క అతుకు కనబడినా సున్నా," అంది లెక్చరరు, మార్కుల కాగితాన్ని అట్టకు తగిలిస్తూ. "యాభై మార్కులు. నీకిది రెండోసారి. ఇదీ పోతే వచ్చే ఏడాది మళ్ళీ మొదటినుంచి రావాలి. తెలుసుగా?"

"తెలుసు మేడమ్," అంది కత్తెర.

కాబోయే టీచర్ల ఆ బ్యాచ్‌లో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఐదు నిమిషాల వీడియో పాఠం తయారుచేయమంటే, మొదటిసారి నూటపద్దెనిమిది ముక్కలు కోసి అతికించింది. తెరమీద ఆమె తల మిడతలా గెంతింది. అప్పట్నుంచి కత్తెరే. కోయకుండా ఉండటం ఆమెవల్ల కాదు. తన నోటివెంట వచ్చే ప్రతి తడబాటూ వింటుంటే, ఎవరో తన సంచీ లాక్కుని అందరి ముందూ బోర్లిస్తున్నట్టు ఉంటుంది.

ఈసారి మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. నేర్పేది గడియారం చూడటం. ఒక ఖాళీ తరగతి గదిలో, నల్లబల్లా పై గోడా అంతా వచ్చేలా ఫోను నిలబెట్టి మూడు రోజులు తీసింది. మూడు రోజులూ అదే నీలం చొక్కా, అదే పక్కపాపిడి. వెలుగు మారుతుందని కిటికీకి దుప్పటి కట్టింది. బల్లమీద రాసింది చెరపొద్దని ఊడ్చే ఆమెను బతిమాలుకుంది. చేతిలో అట్టతో చేసిన గడియారం, తిప్పితే ముళ్ళు తిరిగేది.

ఆఖరి నవ్వు దగ్గరే చిక్కొచ్చింది. పాఠం ముగిశాక హాయిగా నవ్వాలి. మూడోరోజుకి మొహంలో నవ్వన్నదే మిగల్లేదు. వెతగ్గా వెతగ్గా, మొదటిరోజు ఇంకా ఏమీ మొదలుపెట్టకముందు, ఫోను పడిపోతుందేమోనని చూసుకుంటూ నవ్విన నవ్వొకటి దొరికింది. దాన్నే తెచ్చి చివర అతికించింది.

ఇప్పుడా వీడియో మూడో తరగతి గదిలో, ఇరవైమంది పిల్లల ముందు తెరమీద మొదలైంది. వాళ్ళ టీచరు వెనక కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకుంటోంది. లెక్చరరు పెన్ను కాగితం మీద సిద్ధంగా ఉంది.

బ్యాచ్‌లో పెళ్ళయింది తనొక్కతే కావడంతో అందరికీ వదిన అయిపోయిన స్నేహితురాలు కత్తెర చెవిలో గొణిగింది. "ఊపిరి తీసుకోవే. అదీ కోసేశావా ఏంటి?"

"పొట్టి ముల్లు గంట చెబుతుంది. పొడుగు ముల్లు నిమిషాలు చెబుతుంది," అంటోంది తెరమీద కత్తెర. ముందు బెంచీలో పళ్ళూడిన పిల్ల వేలు గాల్లో గుండ్రంగా తిరగడం మొదలైంది. వెనక బెంచీ కుర్రాడు బాగా కనబడాలని లేచి నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"మూడు నిమిషాలైంది. పెన్ను కదల్లేదు," అంది వదిన.

"నోర్మూసుకో వదినా."

"నాలుగు."

కత్తెర ముందుకు వంగి చూసింది. తెరమీది మనిషి తడబడటం లేదు. ఆమెను చూస్తుంటే, తనకింత ధీమాగల అక్క ఒకతె ఉందని ఇవాళే తెలిసినట్టుంది. చివరికి ఆ నవ్వు వచ్చింది. బొమ్మ అక్కడే ఆగింది.

లెక్చరరు పెన్నుకి మూత పెట్టింది. "నాకైతే ఒక్క అతుకూ కనబడలేదు."

వదిన కత్తెర చెయ్యి గట్టిగా గిల్లింది. ఆ నొప్పి కూడా కత్తెరకు బాగుంది.

లెక్చరరు పిల్లలవైపు తిరిగింది. "ఏమర్రా, పాఠం బాగుందా?"

"బాగుంది," అంది పళ్ళూడిన పిల్ల. "కానీ ఆ టీచర్ పాఠం చెప్పకముందే నవ్వేసింది."

"చెప్పకముందేంటి? చివర్లోగా నవ్వింది."

"కాదు. చెప్పడం మొదలుపెట్టినప్పుడు పదింపావు. నవ్వినప్పుడు తొమ్మిదీ పది నిమిషాలే."

ఆ పిల్ల వేలు తెరవైపు చూపిస్తోంది. నవ్వుతున్న కత్తెర తలకు జానెడు పైన, గోడమీద, పళ్ళెమంత గడియారం.

"మధ్యలో నాలుగున్నర కూడా అయింది మేడమ్," అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. "మళ్ళీ పదకొండైంది."

లెక్చరరు వీడియోని మళ్ళీ మొదటినుంచి నడిపించింది. గోడమీద ముళ్ళు కప్పల్లా గెంతుతున్నాయి. దొంగ దొరికినట్టు తరగతి తరగతంతా లేచింది. "రెండుంపావు." "కాదు, రెండూ ఇరవై." "ఇదిగో, పన్నెండుకి ఐదు తక్కువ." వీడియోలో కత్తెర గొంతు ఆ గోలలో వినబడటం లేదు.

"దాన్నెలా వదిలేశావే?" అంది వదిన.

"చూడలేదు," అంది కత్తెర. మూడు రోజులపాటు గడియారం చూడటమెలాగో చెబుతూ, తను ఒక్కసారి కూడా తలెత్తి గడియారం చూడలేదు.

"నేనూ చూడలేదనుకో," అంది లెక్చరరు. "కానీ మాటంటే మాటే." పెన్ను మూత తీసి, కాగితం మీద నిదానంగా, గుండ్రంగా సున్నా చుట్టింది. కత్తెర తలాడించింది.

వెనకనుంచి పిల్లల టీచరు వచ్చింది. దిద్దుతున్న పుస్తకం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"మేడమ్, ఒక్క మాట. రెండు వారాలుగా మొత్తుకుంటున్నాను. ఇవాళ పొద్దుటిదాకా వీళ్ళలో ఒక్కరికీ గడియారం చూడటం రాదు."

పిల్లలింకా అరుస్తూనే ఉన్నారు. లెక్చరరు కాసేపు వాళ్ళను విని, మళ్ళీ కాగితం మీదికి వంగింది.

సున్నాని కొట్టెయ్యలేదు. దాని ముందు ఐదు వేసింది.