ఎదురుగా వచ్చే ఓడలు

వెత్తోర్‌కి పడవెక్కితే చాలు, కడుపులో తిప్పేస్తుంది. అలాంటివాడికి, వెనిస్ ఓడలు తుర్కుల ఓడలతో తలపడిన లెపాంటో సముద్ర యుద్ధం బొమ్మ గీసే పని తగిలింది.

వెనిస్‌లో తాళ్లు పేనేవాళ్ల సంఘం తమ సభామందిరం గోడకి అడిగింది. షరతు ఒక్కటే. ఆ యుద్ధంలో ఉన్నవాడెవడైనా వచ్చి, అచ్చం ఇలాగే జరిగిందని అందరి ముందూ చెప్పాలి. అతను పెదవి విరిచాడంటే వెత్తోర్ మళ్లీ సారాకొట్ల తలుపుల మీద సింహాలు గీసుకోవాల్సిందే.

అదృష్టం బాగుండి, వీధి చివర వేయించిన చేపలు అమ్మే బోర్తోలో తాత ఆ యుద్ధంలో ఉన్నానన్నాడు. ఆయన మాటలో ఏదో యాస ఉండేది. వెనిస్ ఓడల్లో నానా రేవులవాళ్లూ పనిచేశారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తాత రోజూ వచ్చి తిష్ఠ వేసేవాడు. ద్రాక్షసారా పోస్తే కడుపుకి పడదనేవాడు. వంకలు పెట్టడానికి మాత్రం ఓపిక బోలెడు. తెడ్లు బాగాలేవన్నాడు. సముద్రం గియ్యమంటే చేపల పులుసు గీశావన్నాడు.

"వెనిస్ ఓడల వీపులు గీశావేంట్రా అబ్బాయ్? ఎదురుగా గియ్యి. ఆ సింహం జెండా మీదమీదికొస్తుంటే ఎలా ఉంటుందో తెలుసా నీకు? కాళ్లు వణికిపోతాయి."

వెత్తోర్ లోపల్లోపల తిట్టుకుంటూ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలెట్టాడు.

ఇంకోరోజు, బొమ్మ మూలన ఉన్న ఓ తుర్కు విలుకాణ్ణి నీళ్లలో పడేయబోతే తాత చెయ్యి పట్టుకున్నాడు.

"వాణ్ణి ముంచకురా. పడుచువాడు, బతకనీ. మీసం కాస్త ఒత్తుగా పెట్టు."

శత్రువు మీద కూడా ఎంత జాలి ఈ ముసలాయనకి అనుకున్నాడు వెత్తోర్. మనసు కరిగి, మీసం దట్టంగా దిద్దాడు.

తెర తీసిన రోజు సంఘం పెద్దలు నోళ్లు వెళ్లబెట్టారు. తమ ఓడలు ఇంత భీకరంగా ఏ బొమ్మలోనూ చూడలేదట. తాత గుండె మీద చెయ్యేసుకుని, అచ్చం ఇలాగే జరిగిందని చెప్పాడు. చప్పట్లు మోగాయి. అక్కడికక్కడే బొమ్మని గోడకి బిగించేశారు. వెత్తోర్‌కి ఆనందంతో ఏడుపొచ్చింది.

సంఘం పెద్ద మరీన్ తాతని కావలించుకున్నాడు.

"మరి ఇందులో నువ్వెక్కడున్నావు పెద్దాయనా?"

తాత నెరిసిన మీసం మెలేసుకుంటూ వెళ్లి, ఆ మూలనున్న తుర్కు విలుకాడి మీద వేలు పెట్టాడు.