రెండోసారి పరీక్ష

“నాలుగొందల ఎనభయ్యా? మన బేకరీలో పొద్దున్నే అమ్ముడయ్యే పాన్‌దెసాల్ రొట్టెలైనా అంతకంటే ఎక్కువుంటాయి కదరా!” అంది వియొలెతా, కాఫీ కప్పు బల్ల మీద టక్కున పెడుతూ.

డియోనెల్ తల దించుకున్నాడు. అది చూసి తల్లి నెనీతాకు ప్రాణం ఉసూరుమంది.

బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్షకని వెళ్ళిన రోజు సాయంత్రం, వాడు ఎండకు ముఖమంతా కందిపోయి ఇంటికొచ్చాడు. జీప్నీ దొరక్క నడిచొచ్చానన్నాడు. రెండు పళ్ళేల అన్నం తిని మొద్దులా నిద్రపోయాడు. బుర్ర అంతగా అలిసిపోయిన బిడ్డను కదిలించడానికి ఆవిడకు మనసొప్పలేదు. మార్కుల సంగతి ఇదిగో, ఇవాళ్టికి బయటపెట్టాడు.

ఇప్పుడు ఇంటిల్లిపాదీ తేల్చుకోవలసింది ఒక్కటే. మళ్ళీ రాయించాలా, వద్దా?

“వద్దు,” అన్నాడు తండ్రి క్రిసాంతో. “నేను ఏ స్కూల్లో చదివి ఈ బేకరీ పెట్టాను? బ్యాంకు ఉద్యోగం మానేసి, రేపట్నుంచి తెల్లారకముందే లేచి పొయ్యి దగ్గర నిలబడమను. అన్నీ అవే వస్తాయి.”

పొయ్యి మాట చెవిన పడగానే డియోనెల్ తలెత్తాడు. “ఇంకోసారి రాస్తే బావుంటుందేమో నాన్నా,” అన్నాడు సన్నగా.

“అదీ మా వంశం!” అంది వియొలెతా. ఆవిడ క్రిసాంతోకు అక్క. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. “ఇంతకీ ఎక్కడ దెబ్బతిన్నావురా? లెక్కల్లోనా, ఇంగ్లీషులోనా?”

“ఏం చెప్పనత్తా! కళ్ళ ముందంతా నీలంగా అయిపోయింది. మునిగిపోయాను. ఒడ్డెక్కడో కూడా కనబళ్ళేదు.”

“నువ్వొక్కడివేనా?”

“లేదు, మా బ్యాంకులో పనిచేసే మరిసెల్ కూడా. ఇద్దరం కలిసే మునిగాం.”

“అయ్యో, పాపం ఆ పిల్ల!” అంటూ నెనీతా కళ్ళొత్తుకుంది. “చాల్లే వదినా, వాణ్ణింక కెలక్కు. రాయిద్దాం. ఈసారి మనమందరం వెనకుందాం. అంతే.”

అన్నట్టే ఉన్నారు. వియొలెతా హారో చర్చికెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి, వీడు పరీక్ష గట్టెక్కేదాకా కాఫీలో చక్కెర ముట్టనని మొక్కుకొచ్చింది. కోడిపందెం లేని ఆదివారం ఎలా ఉంటుందో ఎరగని క్రిసాంతో, కొడుకు చదువుకోవాలని తానే దుకాణంలో కూర్చున్నాడు. బయట కోళ్ళు కూసినప్పుడల్లా మాత్రం పెద్దగా నిట్టూర్చేవాడు. నెనీతా రోజూ వేడివేడిగా పన్సిత్ మోలో సూపు చేసి గదిలోకే పంపింది.

వాళ్ళు ఇంత చేస్తుంటే డియోనెల్ ముఖం రోజురోజుకీ పీక్కుపోయింది.

“అత్తా, నా మీద ఒట్టు, చక్కెర వేసుకో. నాకోసం నువ్వా చేదు తాగుతుంటే చూడలేకపోతున్నాను.”

“చూశావా నెనీతా, వీడి మనసు! మార్కులదేముంది, ఇలాంటి మనసు ఎవరికొస్తుంది?” అని వియొలెతా ముక్కు చీదింది.

పరీక్ష రోజు పొద్దున్నే నెనీతా చర్చికి వేసుకెళ్ళే గౌను తొడుక్కుని, జీప్నీలో కొడుకు పక్కన ఎక్కి కూర్చుంది.

“నువ్వెందుకమ్మా?”

“పోయినసారి పెళ్ళి ఆర్డరని బేకరీ వదల్లేక నిన్నొక్కణ్ణే పంపాను. తల్లినై ఉండి! ఆ పాపం ఇంకా నన్ను పీకుతూనే ఉంది.”

పరీక్ష జరిగే భవనం ముందు దిగాక డియోనెల్, “ఇంక వెళ్ళమ్మా, లోపలికి రానివ్వరు,” అన్నాడు.

“గుమ్మం దాకా వస్తాలే.”

గుమ్మం దగ్గర, “నాన్న ఒక్కడే దుకాణంలో అవస్థ పడుతుంటాడమ్మా,” అన్నాడు.

“పడనీ. ఇన్నాళ్ళూ నేను పడలేదూ?”

బిడ్డ గడప దాటకుండా రోడ్డు వంకే చూస్తున్నాడు. అది చూశాక ఆవిడింక ఆగలేదు. వాడి చెయ్యి పట్టుకుని, నేరుగా బల్ల వెనక కూర్చున్న అమ్మాయి దగ్గరికి లాక్కెళ్ళింది.

“అమ్మాయ్, వీడు మా డియోనెల్. రెండోసారి రాస్తున్నాడు. పోయినసారి మీ గదిలో కూర్చుని బాగా బెదిరిపోయాడమ్మా. కాస్త గాలి తగిలే చోట కూర్చోబెడుదూ, నీకు పుణ్యముంటుంది.”

ఆ అమ్మాయి నవ్వి, కంప్యూటర్లో పేరు కొట్టి చూసింది. నవ్వు ఆగిపోయింది. డియోనెల్ వంక చూసింది, మళ్ళీ తెర వంక చూసింది.

“పోయినసారి ఈయన రాలేదాంటీ.”