కడుక్కొని రా

కంపు ముందు వచ్చింది. మనిషి తర్వాత వచ్చాడు.

నేరేడుచర్ల చర్చిలో ఆ ఆదివారం జయరాజు సారు వాక్యం చెబుతున్నాడు. పాస్టరు గారు కోదాడ మీటింగులకు పోవడంతో సంఘ పెద్దగా ఆయనకు మొదటిసారి దక్కిన అవకాశం. అంశం, దేవుని ఆజ్ఞకు లోబడడం. వారమంతా అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. తెల్లచొక్కా నలుగుతుందని తల్లి రూతమ్మను బండి కూడా ఎక్కించుకోలేదు.

"నువ్వు మెల్లగ నడిచి రా అమ్మా," అని ముందే వచ్చేశాడు.

ఆమె కూర్చునే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. కొడుకు వాక్యం చెప్పే రోజే ఆలస్యం చేయాలా అని లోపల విసుక్కున్నాడు.

"ఆజ్ఞ ఉన్నది వినడానికి కాదు, చేయడానికి," అని మైకులో గొంతు పెంచేసరికి గుమ్మంలో ఆ మనిషి.

ఛాతీ దాకా నల్లటి బురద. చేతులకూ మెడకూ అదే. జయరాజు ఒక్క చూపులోనే తేల్చేశాడు. మురుగు మోరీలో పొర్లి వచ్చిన తాగుబోతు, ఇంకెవడు?

ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యా, జర ఒక మాట చెప్పాలె."

"సాక్ష్యాల టైం అయిపోయింది తమ్మీ."

"సాక్ష్యం కాదయ్యా..."

"ఇది దేవుని మందిరం. ముందు కడుక్కొని రా. తర్వాత ఎంతసేపన్న చెప్పు."

మైకులో అనడంతో కొందరు నవ్వారు. వాకిలి చూసుకునే రాజ్‌కుమార్ చీపురు తిరగేసి, ఒంటికి చెయ్యి తగలకుండా, అతణ్ని బయట చెప్పులు విడిచే చోటి దాకా నెట్టి తలుపు వేశాడు.

కిటికీలోంచి చూస్తే ఆ మనిషి బోరింగు కొట్టుకుని చేతులు కడుక్కుంటున్నాడు. చెప్పింది చెప్పినట్టే చేస్తున్నాడు. మళ్లీ వచ్చి తలుపు తట్టాడు. ఎవరూ తీయలేదు.

ఆరాధన ముగిసి తలుపు తీసేసరికి అతను లేడు. మెట్ల మీద బురద అడుగులు మాత్రం ఉన్నాయి. "ఛీ," అంటూ జయరాజు సెంటు రుమాలు ముక్కుకు పెట్టుకుని దాటాడు.

గేటు దగ్గర ఆటో సైదులు ఎదురొచ్చాడు.

"ఫోనెందుకు బంద్ పెట్టిండ్రు సారూ? మీ అమ్మ దవాఖాన్ల ఉన్నది. జల్ది రాండ్రి."

వార్డు గుమ్మంలోనే అదే కంపు. అలవాటుగా జయరాజు చెయ్యి జేబులోని రుమాలు మీదికి పోయింది.

మంచం మీద రూతమ్మ. కాలికి కట్టు. నెరిసిన జుట్టులో ఇంకా నల్లటి బురద.

"మిల్లుకాడ మోరీల పడ్డ బిడ్డా. అందరు ముక్కు మూసుకొని సూసుకుంట నిలబడ్డరు."

రుమాలు మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. తన చెయ్యి మీద తనకే రోత పుట్టింది.

రూతమ్మ అతని వెనక ఎవరికోసమో వెతికింది.

"ఆ పిలగాడేడి? మోరీల దిగి నన్ను ఎత్తుకొచ్చినోడు... నిన్ను తోల్కరమ్మని నేనే చర్చికి పంపిన."