ఎర్ర కారు ఎవరికి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వంటింట్లో అమ్మ, హాల్లో అన్నయ్య, మెట్ల మీద పుస్తకం పట్టుకుని చిన్నది, వెనక గదిలో అద్దెకుంటున్న ముంగి.

ముంగి అసలు పేరు కాదు. అడిగితే తప్ప నోరు విప్పదని అమ్మ పెట్టిన పేరు.

అన్నయ్యా ముంగీ ఒకే షెడ్డు తరఫున రేసు కార్లు నడుపుతారు. ఆదివారం పోటీ. కొండ మీంచి కిందికి, మలుపుల దారి. నెగ్గినవాళ్ళని ఒక పెద్ద కంపెనీ తన జట్టులోకి తీసుకుంటుంది.

వచ్చే ఏటికి అన్నయ్యకి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరిసారి.

షెడ్డులో రెండు స్పోర్ట్స్ కార్లు సిద్ధమయ్యాయి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. రెండింటి ఇంజన్లూ విప్పి కొత్త టర్బోలు బిగించారు. ఎరుపుది ఒక పిసరు ఎక్కువ జోరు. మూడు నెలలు అన్నయ్య దగ్గరుండి చేయించుకున్నాడు దాన్ని.

షెడ్డులో పద్ధతి ఒకటుంది. ఇద్దరూ రెండు కార్లూ నడిపి చూడాలి. తక్కువ సమయంలో దిగినవాళ్ళు ముందు కోరుకోవాలి.

శుక్రవారం ముంగి రెండు సెకన్లు ముందు దిగింది.

శనివారం పొద్దున్నే హాల్లోకి వచ్చి నిలబడింది.

"నేను ఎరుపు తీసుకుంటున్నానండీ."

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"అది నేను చేయించుకున్న బండి. మీకు తెలుసు."

"తెలుసు."

"నలుపు మాత్రం తక్కువదా? తీసుకోవచ్చుగా."

"అది మీరు తీసుకోండి."

అమ్మ గరిటెతో సహా వచ్చింది.

"అమ్మాయ్, వాడికిది ఆఖరిసారి. నీకింకా బోలెడు వయసుంది. ఆ మాత్రం ఇంగితం లేదా?"

ముంగి నేలచూపులు చూసింది.

"ఎరుపేనండీ" అంది.

ఆమె గదిలోకి వెళ్ళాక అమ్మ అంది, "నోట్లో వేలు పెడితే కొరకదనుకున్నాను."

చిన్నది మెట్ల మీద అదే పేజీ చూస్తూ కూర్చుంది.

ఆదివారం నల్ల కారులో అన్నయ్య అందరికంటే ముందు దిగాడు.

ఒక షెడ్డు కార్లు రెండూ గీత దాటితేనే గెలుపు లెక్కకొస్తుంది. అందరూ ముంగి కోసం మెడలు చాచారు.

ఎర్ర కారు ఎంతకీ రాలేదు. చివరికి గేర్ల మీద మూలుగుతూ, నత్తలా దిగింది. గీత దాటాక ఆపడం చేతకానట్టు తిన్నగా పోయి టైర్ల గోడని గుద్దుకుంది.

జనం పగలబడి నవ్వారు. ముంగి చెయ్యి విరిగింది.

"ఎద్దుబండిలా తోలడానికా అంత పట్టు పట్టింది?" అన్నాడు అన్నయ్య.

"నీ నోటి దగ్గరది లాక్కుంటే అరుగుతుందా మరి" అంది అమ్మ.

సోమవారం అమ్మ గది ఖాళీ చేయమంది. ముంగి ఒంటిచేత్తో బట్టలు సర్దుకుంది.

చిన్నది ఆమె పెట్టె మోసింది. గుమ్మం అవతల నిలబడ్డ ముంగి దగ్గర పెట్టి, వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"అక్కా."

"ఊ."

"అంత మెల్లగా ఎందుకు నడిపావు? అందరూ నవ్వారు."

"బ్రేకు లేకుండా ఇంకెలా నడుపుతారు?"

"బ్రేకు లేదా?"

"శుక్రవారం చివరి రౌండులో ఎరుపుదాని బ్రేకు పెడలు నేలకి ఆనిపోయింది. సామాను రావడానికి వారం పడుతుంది. షెడ్డాయనకి చెబితే రెండు కార్లూ ఆపేస్తాడు."

"అన్నయ్యకి చెప్పొచ్చుగా."

"మీ అన్నయ్య సంగతి నీకు తెలీదూ? నేను చూసుకుంటాలే అని అదే ఎక్కుతాడు. ఎక్కితే మెల్లగా నడుపుతాడా?"

"పోనీ, ఇప్పుడైనా..."

"ఇప్పుడసలే చెప్పకు. బ్రేకు లేని కారు దింపామని తెలిస్తే మీ అన్నయ్య గెలుపు రద్దు చేస్తారు."

లోపల అన్నయ్య ఫోనులో కంపెనీ వాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

చిన్నది లోపలికి ఒకసారి, ముంగి విరిగిన చెయ్యి వైపు ఒకసారి చూసింది.

"ఇంకా ఏం మాటలే దాంతో?" అంటూ అమ్మ వెనక నుంచి చెయ్యి చాపి, తన కొడుకుని బతికించిన మనిషి ముఖం మీదే తలుపు వేసింది.