డాక్టరమ్మ ముందుగా పలకరించదు

“ఆ డాక్టరమ్మ ఈ గుమ్మం తొక్కిందంటే నాను పాతపట్నం మా తమ్ముడింటికి ఎల్లిపోతాను. సెప్పేసినాను!”

ఎలీసమ్మ కత్తిపీటను కాలితో పక్కకి నెట్టి లేచింది. తరిగిన ఉల్లిపాయలు చాప మీద చెదిరాయి.

ఎదురుగా కోడలు ప్రిస్కిల్లా. సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరుగారు వస్తారు, కొత్తవలస సంఘంలో సగం మంది వస్తారు. వాళ్లతోపాటు విజయనగరం నుంచి డాక్టర్ యమున, కౌన్సెలర్ భాస్కర్, నర్సు మెర్సీ కూడా వస్తున్నారని ప్రిస్కిల్లా ఇప్పుడే చెప్పింది.

“వాళ్లు లేకుండా కృతజ్ఞత ఏటత్తా? వాళ్లే లేకపోతే నాకీపాటికి జ్ఞాపకార్థ కూడిక పెట్టీవోరు.”

“తప్పు మాటలాడకు!” ఎలీసమ్మ కసిరింది. “సంఘంలో అందరికీ టైఫాయిడని సెప్పినాను.”

“ఏడాదంతా టైఫాయిడా? ఎవులు నమ్మినారు?”

“నమ్మినోలు నమ్మినారు. ఇప్పుడా పిచ్చి డాక్టరొచ్చి, నలుగుర్లో ‘నిద్ర పడతందా, మందులు ఏసుకుంతన్నావా’ అని అడిగితే? రేపు నువ్వు పాటాలు సెప్పడానికి బడికెల్తే పిల్లలు ఏటంటారు? అవునుగానీ, మద్దేన్నం మాత్ర ఏసుకున్నావా?”

“ఇంకా లేదు.”

“ముందది ఏసుకో. తరవాత దెబ్బలాడు.”

ప్రిస్కిల్లా మాత్ర మింగి వచ్చింది.

“ఆవిడ ఏమీ అడగదత్తా. బయట తన పేషెంట్లని ముందుగా పలకరించదు. కాస్త తేరుకున్నాక ఒకసారి బట్టల కొట్లో ఎదురుపడితే, నన్ను చూసి కూడా చూపు తిప్పేసుకుంది. ఇంటికొచ్చి ఏడ్చాను, గుర్తుందా? తర్వాత ఆవిడే చెప్పింది. ‘నీ పక్కన ఎవరున్నారో, వాళ్లకి నువ్వేం చెప్పుకున్నావో నాకు తెలీదు కదమ్మా. నువ్వు పలకరిస్తే పలుకుతాను. లేకపోతే నువ్వెవరో నాకు తెలీదు’ అని. ఎవరితోనైనా అంతేనట.”

ఎలీసమ్మ చెదిరిన ఉల్లిపాయల్ని దగ్గరికి పోగుచేసింది.

“అయితే రానియ్. నాను మాత్రం వంటింట్లోంచి కదల్ను.”

గుమ్మంలో నిలబడి అంతా విన్న శాంతికుమార్ భార్య చెవిలో గొణిగాడు. “మాయమ్మ ఒప్పుకున్నాదంటే అదే పెద్ద అద్భుతం. సాయంత్రం సాక్ష్యంలో ముందు అది సెప్పు.”

సాయంత్రం ఇంటి ముందు కారు ఆగింది. యమున, భాస్కర్, మెర్సీ దిగారు. ప్రిస్కిల్లా గేటు దాకా ఎదురెళ్లింది. అందరికీ వినపడేలా, “వందనాలు డాక్టరమ్మా!” అంది.

యమున ముఖం విప్పారింది. “వందనాలు ప్రిస్కిల్లా. ఎంత బాగున్నావు!”

లోపలికి వచ్చి ఆమె ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టింది. పాస్టర్ ఎజ్రాకి, సంఘపెద్దలకి, చాప చివర కూర్చున్న పక్కింటి జగ్గమ్మకి కూడా.

పాట అయింది. ప్రార్థన అయింది. సాక్ష్యం చెప్పడానికి ప్రిస్కిల్లా లేచింది. ఎదురుగా మెర్సీ అరచేతిని మెల్లగా పైకెత్తి మెల్లగా దించింది. ఆ చేతితోపాటే ప్రిస్కిల్లా ఊపిరి తీసి వదిలింది.

“నాకొచ్చింది టైఫాయిడ్ కాదు. డిప్రెషన్. దానికి తోడు భయం. తల దువ్వుకోడానికి కూడా లేవలేకపోయేదాన్ని. బస్సు హారన్ వింటే చచ్చిపోతానేమో అనిపించేది. డాక్టరమ్మ ఇచ్చిన మొదటి మందు పడలేదు. విసుక్కోకుండా మార్చారు. భాస్కర్ గారు ఇంటికొచ్చి ముందు గేటు దాకా, తర్వాత కరెంటు స్తంభం దాకా, ఆ తర్వాత బస్టాపు దాకా నాతో నడిచారు. మెర్సీ అక్క నేను ఫోనెత్తేదాకా చేసేది. ఒకరోజు నేను ఏడుస్తూనే ఉంటే ఫోను పెట్టేయకుండా పప్పుకి పోపు వేసుకుంది. ఆ పోపు చిటపటలు వింటుంటే నాకు ఆకలేసింది. చాన్నాళ్ల తర్వాత ఆకలేసింది. దేవుడు నా మొర విన్నాడు. విని వీళ్లని పంపాడు.”

“మరి ఎలీసమ్మ టైఫాయిడని సెప్పింది కదేటి?” అంది జగ్గమ్మ.

పాస్టరుగారు దగ్గారు. “ఆమేన్. ఇంటి పెద్దావిడ ఏరీ? ఎలీసమ్మగారూ, ఒక్కసారి ఇలా రండి.”

తప్పలేదు. ఎలీసమ్మ టీ గ్లాసుల పళ్లెంతో బయటికి వచ్చింది.

యమున తలెత్తింది. ఆమె చూపు ఎలీసమ్మ మీద ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే గోడ మీది క్యాలెండరు వైపు జారిపోయింది. నమస్కారం లేదు. చిరునవ్వు లేదు.

“పొగరు సూడు,” జగ్గమ్మ పక్కావిడ చెవి కొరికింది. “నాకే దండమెట్టినాది, ఇంటి పెద్దకి ఎట్టదా?”

ప్రిస్కిల్లా మాత్రం కదలకుండా నిలబడిపోయింది. ఆ చూపు తనకు తెలుసు. బట్టల కొట్లో తన మీద నుంచి జారిపోయింది అదే చూపు.

ఎలీసమ్మ పళ్లేన్ని స్టూలు మీద పెట్టింది. కొంగుకి చేతులు తుడుచుకుంది. సంఘమంతటినీ ఒకసారి కలయజూసి, డాక్టరమ్మ ఎదురుగా వచ్చి రెండు చేతులూ జోడించింది.

“వందనాలు డాక్టరమ్మా. అప్పుడెప్పుడో నన్ను నిలబెట్టినట్టే, ఇప్పుడు నా కోడల్నీ నిలబెట్టినారు.”