తొమ్మిదో హెచ్చరిక

పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు.

తలుపుకి అడ్డంగా జరిపిన బల్ల మీద చెయ్యి వేసి ప్రూఫ్‌రీడర్ గట్టిగా నొక్కి పట్టాడు.

"తెలుగువాళ్ళే కదండీ? మెట్ల మీద మీ మాటలు వినపడ్డాయి. నేను పక్క గదిలో ఉంటాను."

పలకవద్దని భార్యకి సైగ చేశాడు.

"ఉన్నామండీ, వస్తున్నా" అంది ఆవిడ, రిటైరైన డ్రాయింగ్ టీచర్.

ఆ ఆలుమగలు సరదాగా పరాయి దేశం చూడటానికి వచ్చి నాలుగు రోజులైంది. ఇంకా రెండు రోజులే మిగిలాయి. ఇప్పటిదాకా చూసింది లాడ్జి గది, కింద భోజనాల హాలు.

టీచర్ రిటైరైన రోజునే టిక్కెట్లు కొనేసింది. ఆ తర్వాత వచ్చాయి కాగితాలు, తమ దేశపు ప్రయాణ సలహాల ఆఫీసు నుంచి. నాలుగు పేజీల హెచ్చరికలు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషికి అచ్చులో ఉన్నదే వేదం. ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ మూడు పేజీలు చదివేసరికి అతనికి గుండె జారిపోయింది. నాలుగోది చదివే ధైర్యం చాలక మడిచి పెట్టేశాడు.

టీచర్‌కి ఉన్నది ఒకటే కోరిక. ముప్పై ఏళ్ళు బోర్డు మీద లైట్‌హౌస్ గీసి పిల్లల చేత గీయించింది కానీ, ఒక్కసారైనా దగ్గరగా చూడలేదు. కిటికీలోంచి చూస్తే అదిగో, దీవి మీద వేలెడంత లైట్‌హౌస్. పడవలో అరగంట ప్రయాణం.

"పడవలు. నాలుగో హెచ్చరిక" అనేవాడు భర్త, ఆవిడ ఎప్పుడు అటు చూసినా.

ఇప్పుడు బల్ల జరిపి తలుపు తీసింది ఆవిడే.

గడ్డి టోపీ, మోకాళ్ళ దాకా నిక్కరు, చేతిలో పుచ్చకాయ ముక్కలు. అరవైకి దగ్గరపడ్డ మనిషి.

"తీసుకో చెల్లెమ్మా. ఇప్పుడే బజార్లో కొన్నాను."

"రోడ్డు మీద కోసిన పళ్ళు. రెండో హెచ్చరిక" అని గొణిగాడు ప్రూఫ్‌రీడర్.

"కోసి ఉంచిన పళ్ళు, బావగారూ. ఇవి నా కళ్ళముందే కోశారు."

"నేను మీకు బావగారిని ఎప్పుడయ్యాను?"

"ఆవిడ చెల్లెలయ్యాక మీకు వేరే దారేముంది?"

టీచర్ నవ్వేసింది. ఆ గదిలో నవ్వు వినపడటం అదే మొదలు.

భర్త మాత్రం నవ్వలేదు. "అడక్కుండా చనువు పెంచుకునే కొత్తవాళ్ళని..."

"నమ్మకూడదు. తొమ్మిదోది" అన్నాడు టోపీ ఆయన తీరిగ్గా.

ప్రూఫ్‌రీడర్ ఒకడుగు వెనక్కి వేశాడు. ప్రయాణికులకిచ్చే కాగితాలే కంఠతా పట్టాడంటే, వీడు ఆషామాషీ మోసగాడు కాదనుకున్నాడు.

"పదింటి పడవకి లైట్‌హౌస్‌కి వెళ్తున్నా. వస్తారా?"

"రాము" అన్నాడు భర్త.

"వస్తాను" అంది భార్య. "మీరు గదికి కాపలా ఉండండి."

ఇంక ఉంటాడా. కాగితాలు చొక్కాలో దోపుకుని బయల్దేరాడు.

"పాస్‌పోర్టులు పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. జేబులో జిరాక్స్ కాపీ చాలు" అన్నాడు టోపీ ఆయన.

అంటే గది దోచడానికి వేరే మనుషులున్నారన్నమాట. ప్రూఫ్‌రీడర్ రెండు పాస్‌పోర్టులూ మేజోళ్ళలో దాచుకుని కుంటుతూ నడిచాడు.

రేవులో మొదటి పడవవాడు రమ్మని పిలిచాడు. టోపీ ఆయన లోపలికి తొంగిచూసి, ఓ దణ్ణం పెట్టి ముందుకు సాగాడు. రెండో పడవ దగ్గర లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాడు. మనుషుల్ని లెక్కపెట్టాడు. గాలి గురించి పడవ నడిపే ఆవిణ్ణి ఏదో అడిగి, అప్పుడు ఎక్కాడు.

"పట్టీ బిగించి, ఒకసారి లాగి చూసుకో చెల్లెమ్మా."

"ఇవన్నీ మీకెవరు చెప్పారన్నయ్యా?"

"నాలుగో పేజీలో ఉన్నాయి. ఎలా వెళ్ళకూడదో మూడు పేజీలు, ఎలా వెళ్ళాలో ఒక పేజీ. పాపం, దాన్నెవరూ చదవరు."

తుంపర మొహాన కొట్టినప్పుడల్లా టీచర్ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. దీవి మీద దిగి, లైట్‌హౌస్ గోడకి రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఏవండీ, ఇది పైకి పోయేకొద్దీ సన్నబడుతోంది. నేనేమో స్కేలు పెట్టి నిటారుగా గీయించాను. సరిగ్గా గీసిన పిల్లలకి మార్కులు కూడా కోశాను."

"పోనీలే. ఇంటికెళ్ళి దిద్దుకుందాం" అన్నాడు ప్రూఫ్‌రీడర్. ఆవిణ్ణలా చూస్తుంటే అతనికి కడుపు నిండిపోయింది. ఇన్ని రోజులూ ఈ సంతోషానికా తను తలుపేసింది అనిపించి సిగ్గేసింది కూడా.

అయినా తిరుగు ప్రయాణంలో నాలుగుసార్లు జేబులు తడుముకున్నాడు. పక్కనే కూర్చున్న టోపీ ఆయన అది చూసి, చూడనట్టే సముద్రం వైపు తిరిగాడు.

మర్నాడు పక్క గదికి తాళం వేసి ఉంది.

"ఒక్క మంచి మాటైనా చెప్పలేదు మీరు" అంది టీచర్.

ప్రూఫ్‌రీడర్ తనే ముందు తలుపు తీసి బయల్దేరాడు. ఆ రోజంతా ఇద్దరూ ఊళ్ళో వీధి వీధీ తిరిగారు. కాళ్ళు పీకేదాకా తిరిగి, కళ్ళముందు కోయించుకుని మరీ పళ్ళు తిన్నారు.

ఇంటికొచ్చాక అతను నాలుగో పేజీ చదివాడు. రెండుసార్లు చదివాడు. నెల తిరక్కుండా ఆ కాగితాలు పట్టుకుని సలహాల ఆఫీసుకి వెళ్ళాడు.

"ఈ నాలుగో పేజీని మొదటి పేజీ చెయ్యాలమ్మా. రాసినాయనకి చెప్పాలి."

గుమాస్తా నవ్వింది. "మా సారు ఇరవయ్యేళ్ళు అదే మొత్తుకున్నారండీ. పైవాళ్ళు వినలేదు. పోయిన నెలే రిటైరయ్యారు."

"ఒకసారి కలవొచ్చా?"

"ఈపాటికి ఏ దేశంలో ఉన్నారో. ఇదిగోండి, ఆ హెచ్చరికలన్నీ రాసింది ఈయనే."

ఆమె చూపించిన వీడ్కోలు ఫొటోలో, మెడ నిండా దండలతో, లాడ్జిలో పక్క గది ఆయన నవ్వుతున్నారు.