వెనక సీటు

మా ఆటోనగర్‌కు ఇప్పుడు నిజమైన కార్లు రావు. షెడ్డుల్లో అందరం కళ్లద్దాలు పెట్టుకుని, ఆ అద్దాల్లో తప్ప ఎక్కడా లేని కార్లను ఆన్‌లైన్ పోటీలకు ట్యూన్ చేస్తాం.

ఈసారి పోటీకి నేను ఎర్ర కారు తయారుచేశాను. మూడు రోజులుగా పొద్దున్నే తెరిచేసరికి డ్రైవరు వెనక్కి చూసుకునే లోపలి అద్దం కిందికి వంగి ఉంటోంది. నా బండి ఇంకొకరు ముట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ దాని తాళం నా వేలిముద్రే. ఇంకెవరూ తెరిచిన జాడ లేదు.

మా మావయ్య యేసోబు ఇదే షెడ్డులో నలభై ఏళ్లు నిజమైన కార్లు బాగుచేశాడు. టీ తాగుతూ నా మాట విన్నాడు.

"అద్దం అట్టా వంచారంటే వెనక సీట్లో పిల్లలున్నట్టు సువార్తా."

"వెనక సీటే లేదు మావయ్యా. బరువు తగ్గాలని నిన్న పీకేశాను."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మరి తగ్గిందా?"

కళ్లద్దాలు పెట్టుకుని బండి బరువు చూశాను. ఉండాల్సినదానికన్నా పద్దెనిమిది కిలోలు ఎక్కువ చూపిస్తోంది.

"ఐదేళ్ల పిల్ల బరువు," అన్నాడాయన. "సీటు లేదుగా, కిందే కూర్చునుంటది."

పోటీ గడువు ఆ సాయంత్రమే. సీటు మళ్లీ పెడితే బండి బరువు హద్దు దాటుతుంది, పోటీకి పనికిరాదు.

అయినా పెట్టాను. ఒకసారి నడిపి చూద్దామని కళ్లద్దాల్లోనే డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అద్దం జోలికి పోలేదు. వెనక బెల్టు టక్కుమని పడిన చప్పుడు వినిపించాకే కారు కదిలించాను.